బెత్తం తెచ్చే ఉద్యోగం

మా బడిలో బెత్తం తెచ్చే ఉద్యోగం నాది.

సోమవారం పొద్దున ప్రార్థన అవగానే పెద్దయ్యవారు నా వైపు చూసి చూపుడువేలు గాల్లో ఒకసారి ఆడించేవారు. అంతే, చెరువుకట్ట మీది చింతచెట్టు దగ్గరికి ఒకటే పరుగు. బరికె ఎలా ఉండాలో నాకు బాగా తెలుసు. లేతదైతే రెండు దెబ్బలకే విరుగుతుంది, ముదురుదైతే వంగదు. చిటికెనవేలి లావు, మూరన్నర పొడవు, కణుపులు తక్కువ ఉండాలి. ఆకు దూసేసి, ఒకసారి ఝుళిపించి చూసుకుని, సుయ్‌మని మోగితేనే తీసుకెళ్ళేవాణ్ణి. ఎనిమిదేళ్ళ పిల్లాడికి సరుకు మీద అంత పట్టింపేమిటో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది.

మొన్న మా బడి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ఫోటో పెట్టారు. గోడకుర్చీ వేసిన పిల్లలు, ఎదురుగా బెత్తంతో మాస్టారు, కింద 'ఆ దెబ్బలు తిన్నాం కాబట్టే మనుషులమయ్యాం' అని. పది నిమిషాల్లో ఇరవై దణ్ణాలు పడ్డాయి. నేనూ పెట్టబోయి ఆగాను. నేను దెబ్బలు తిన్నది తక్కువ, తినిపించింది ఎక్కువ. ఆ సంగతి గ్రూపులో చెప్పడానికి మొహం చెల్లక ఇక్కడ రాస్తున్నా.

మాది కందుకూరు వైపు పల్లె. అప్పట్లో ప్రకాశం జిల్లా. మెట్ట ప్రాంతం. కంది, శనగ వేసినా చేతిలో డబ్బు ఆడేది పొగాకుతోనే. ఊరి చుట్టూ ఆకుని వేడితో ఆరబెట్టే పొగాకు బ్యారన్లు. బడి అంటే ఒక గది, ఒక వరండా, ఐదు తరగతులు, ఒకే అయ్యవారు. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పుణ్యమా అని రెండో గది కట్టారు, ట్రంకుపెట్టె నిండా సామాను ఇచ్చారు, రెండో టీచరు పోస్టు కూడా ఇచ్చారు. గది వచ్చింది, పెట్టె వచ్చింది, టీచరు మాత్రం 1993 దాకా రాలేదు. పెట్టెకి తాళం వేసి ఉండేది. లోపలి సామాను పాడైతే రేపు ఆఫీసర్లకు ఎవరు లెక్క చెప్పాలని పెద్దయ్యవారి భయం.

ఆయన చెడ్డమనిషి కాదు. నా దస్తూరీ ఇప్పటికీ బాగుందంటారు, అది ఆయన చలవే. కానీ డెబ్భైమంది పిల్లలకి ఆయనొక్కరే. ఒక తరగతికి లెక్కలు చెప్తుంటే మిగతా నాలుగు తరగతులు నోరు మూసుకుని కూర్చోవాలి. బెత్తం లేకుండా అదెలా కుదురుతుందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. పైగా బడిలో వేసేటప్పుడే నాన్నలు "కళ్ళు రెండూ వదిలేసి మిగతాదంతా మీ ఇష్టం అయ్యవారూ" అని అప్పజెప్పి పోయేవారు. మా నాన్నల కాలంలో కోదండం, అంటే తాడుకి వేలాడదీయడం కూడా ఉండేదట. మా దాకా వచ్చేసరికి గుంజీలు, గోడకుర్చీ, తొడపాశం, బరికె మిగిలాయి.

అంతమందిని అదుపులో పెట్టాలంటే ఆయనకి ఒక లీడరు కావాలి. ఆ లీడర్ని నేను. ఆయన పక్క తరగతికి వెళ్ళగానే నేను బోర్డు మూల 'మాట్లాడినవారు' అని రాసి కింద గీత కొట్టేవాణ్ణి. పేరు పక్కన ఒక గీతకి ఒక దెబ్బ. 'చాలా ఎక్కువ' అని రాస్తే రెట్టింపు. ఈ ఉద్యోగంలో పై సంపాదన ఉండేది. సంక్రాంతి ముందు రేగిపళ్ళు, శనగ కాలంలో పచ్చికాయల కొమ్మ, ఏడాది పొడుగునా బలపం ముక్కలు. నాలుగు రేగిపళ్ళకి ఒక గీత చెరిపేవాణ్ణి. రేటు పెట్టింది కూడా నేనే.

మా తరగతిలో ఒకణ్ణి వసపిట్ట అనేవాళ్ళం. అసలు పేరు రాయను. వాడి దగ్గర రేగిపళ్ళూ ఉండేవి కావు, బతిమాలే అలవాటూ లేదు. మాట్లాడటం మాత్రం ఆపేవాడు కాదు. రోజూ బోర్డు మీద మొదటి పేరు వాడిదే. ఒక్కోరోజు వాడు బడికి రాకముందే రాసి పెట్టేవాణ్ణి, వచ్చాక ఎలాగూ మాట్లాడతాడు కదా అని. జనవరి వచ్చిందంటే వాడు రోజూ ఆలస్యం. దానికి వేరే దెబ్బలు. ప్రార్థన దగ్గర గోళ్ళూ చేతులూ చూసేవారు. వాడి చేతులు తారు పూసినట్టు నల్లగా ఉండేవి. దానికీ దెబ్బలే.

1993 జూన్‌లో చిన్నసారు వచ్చారు. సైకిలు క్యారియర్‌కి గుడ్డసంచి, ముప్ఫై ఏళ్ళ లోపు మనిషి. నాలుగు, ఐదు తరగతులు ఆయనకిచ్చారు. ముప్ఫై ఒక్కమందిమి కొత్త గదిలోకి మారాం. సోమవారం అలవాటు కొద్దీ మంచి బరికె ఒకటి ఎంచి తెచ్చి టేబుల్ మీద పెట్టాను. ఆయన దాన్ని వంచి చూశారు.

"భలే ఉందే. ఎక్కడిది?"

"చెరువుకట్ట మీది చింతచెట్టు సార్."

"ఇలాంటివి ఇంకో పది తేగలవా?"

నా సంతోషం చెప్పలేను. ఇంత పెద్ద ఆర్డరు పెద్దయ్యవారు ఏనాడూ ఇవ్వలేదు. మధ్యాహ్నం అన్నం మానేసి తెచ్చాను. ఆయన అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఇద్దరు ముగ్గురికి కలిపి ఒక బరికె ఇచ్చి, వేలెడంత ముక్కలుగా విరవమన్నారు. పాత సైకిలు ట్యూబుని రింగుల్లా కోసి, పదేసి ముక్కలకి ఒక రింగు వేయించారు. ఇవి పదులు, విడిగా ఉన్నవి ఒకట్లు. పది కట్టలు కలిపి కడితే వంద. నా నాణ్యమైన సరుకంతా ఒక్క పూటలో స్థానవిలువల పాఠమైపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆయన ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారో నేను టీచరునయ్యాక తెలిసింది. 1989 నుంచి 1996 దాకా ఇంగ్లండ్ సాయంతో మన రాష్ట్రంలో ఏపీపీఈపీ అని ఒక ప్రాథమిక విద్యా పథకం నడిచింది. పిల్లలు చేసి నేర్చుకోవాలి, గుంపుల్లో కూర్చోవాలి, ఊళ్ళో దొరికే వస్తువులతోనే పాఠం చెప్పాలి, పిల్లలు చేసినవి అందరికీ కనబడేలా గదిలో పెట్టాలి, ఇలా ఆరు సూత్రాలు. దాని ట్రైనింగు అయినవాళ్ళు చాలామంది పురికొసలు కట్టి బొమ్మలు వేలాడదీసి, ఇన్‌స్పెక్షన్ అయ్యాక విప్పేశారని సీనియర్లు నవ్వుతూ చెప్తారు. మా సారు విప్పలేదు. బెత్తం వద్దని ఆ సూత్రాల్లో ఉన్నట్టు నేనెక్కడా వినలేదు. అది ఆయన సొంతమే అయివుంటుంది.

మొదటి నెల మా గది సంతలాగే ఉండేది, అబద్ధం చెప్పడమెందుకు. పెద్దయ్యవారు గుమ్మం దగ్గరికి వచ్చి "చిన్నసారూ, మా వాళ్ళకి ఎక్కాలు వినబడటం లేదు" అనేవారు. మాకు కూడా భయం లేకపోయేసరికి ఏం చేయాలో తోచలేదు. ఆయన గొంతు పెంచేవారు కాదు. రెండు చప్పట్లు మెల్లగా, మూడు గబగబా కొట్టేవారు. విన్నవాళ్ళు తిరిగి అలాగే కొట్టాలి. మొదట నలుగురు, తర్వాత పదిమంది, చివరికి గదంతా. ఆ తర్వాత ఆయన ఇంకా చిన్న గొంతుతో మాట్లాడేవారు, వినాలంటే మేమే నోరు మూసుకోవాలి. ఇది పనిచేయడానికి వినాయకచవితి దాటింది.

ఒకరోజు మన గదికి కట్టుబాట్లు మీరే చెప్పండన్నారు. తప్పు చేస్తే ఏం చేయాలో కూడా మమ్మల్నే చెప్పమన్నారు. పిల్లలు జాలిగా చెప్తారనుకుంటాం గానీ, మా జాబితా చూస్తే పోలీసులకి కూడా భయమేసేది. చెట్టుకి కట్టేయాలి అన్నాడొకడు. రెండు వందల గుంజీలు అంది ఒకమ్మాయి. నోటికి గుడ్డ కట్టి మధ్యాహ్నం ఎండలో నిలబెట్టాలన్నది నా సలహా. ఆయన ఒక్కటీ కాదనకుండా అన్నీ బోర్డు మీద రాశారు. రాశాక ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి "నువ్వు చెప్పింది మొదట నీకే పడితే ఉంచనా, చెరపనా?" అని అడిగారు. అరగంటలో బోర్డు మొత్తం ఖాళీ అయింది. మిగిలినవి ఐదే. వరండాలో నడవాలి. ఒకరు మాట్లాడేటప్పుడు మిగతావాళ్ళు వినాలి. పాడుచేసినవాళ్ళే బాగుచేయాలి. మిగతా రెండూ మంచినీళ్ళ కుండ గురించి. అన్నీ ఏం చేయాలో చెప్పేవే, చేయకూడనివి ఒక్కటీ లేవు. అది ఆయన కావాలనే చేశారని పాతికేళ్ళ తర్వాత గాని నాకు తట్టలేదు.

తర్వాత నా ఉద్యోగానికే ఎసరు వచ్చింది. "లీడరూ, ఈ వారం ఎవరు మాట్లాడారో నాకొద్దు. ఎవరు ఎవరికి సాయం చేశారో చూసి, సాయంత్రం మూడు పేర్లు రాయి. నీ పేరు నువ్వు రాసుకోకూడదు."

మొదటిరోజు సాయంత్రం దాకా నాకు ఒక్కటీ దొరకలేదు. ఎవరెవరు మాట్లాడారో మాత్రం వరసగా చెప్పగలను. రెండోరోజు కష్టపడి ఒకటి రాశాను, ఎవరో ఎవరికో బలపం ఇచ్చారని. మూడోరోజు ఒకమ్మాయి ఐదో తరగతివాడి చొక్కాకి పిన్నీసు పెట్టడం చూశాను. ఆ అమ్మాయి రోజూ ఎవరికో ఒకరికి ఏదో సర్దుతూనే ఉంటుందట. నాకే తెలియదు. ఆయన ఆ మూడు పేర్లూ పైకి చదివి, చెరిపేసేవారు. చప్పట్లు, బహుమతులు ఏమీ లేవు. ఇప్పటి స్కూళ్ళలో స్టార్లు, స్టిక్కర్లు ఇస్తారు. నేనూ నా క్లాసులో ఒక టర్మ్ ఇచ్చి చూశాను. మూడో వారానికి పిల్లలు స్టార్ల కోసం బేరాలు మొదలుపెట్టారు. నా రేగిపళ్ళ వ్యాపారం గుర్తొచ్చి మానేశాను.

జనవరి వచ్చింది. పొగాకు కాలం. వసపిట్ట గంట ఆలస్యంగా వచ్చి గుమ్మం దగ్గర చేయి చాపి నిలబడ్డాడు. అలవాటు మరి. చిన్నసారు వాడి ముందు గొంతుక్కూర్చుని, ఆ చాపిన చేతిని పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"పొగాకు పసరా?"

"అవును సార్. పోదు సార్, ఇసకేసి రుద్దినా పోదు."

"రాత్రి ఎక్కడ పడుకున్నావురా?"

"పడుకోలా సార్. మా నాయనకి జొరం. బ్యారన్ పొయ్యిలోకి కట్టెలు ఎగదోశా."

ఆకుని కర్రలకి అల్లి బ్యారన్‌లో వేలాడదీశాక దాదాపు వారం పాటు కింద మంట నడవాలి. మంట తగ్గినా హెచ్చినా ఆకు రంగు చెడుతుంది, రేటు పడిపోతుంది. ఏడాది అప్పంతా ఆ రంగు మీదే ఉంటుంది. ఇది మా ఊళ్ళో పిల్లలందరికీ తెలుసు. వాడు ఎందుకు ఆలస్యంగా వస్తాడో కూడా మాకందరికీ తెలుసు. పెద్దయ్యవారు అడగలేదు, మేం చెప్పలేదు.

చిన్నసారు గోనెపట్టా తెచ్చి గది వెనక పరిచి "పడుకో, రెండో పీరియడ్‌కి లేపుతా" అన్నారు. వాడు నమ్మలేదు. నా వైపు చూశాడు, పేరు రాస్తానేమోనని. పడుకున్న రెండు నిమిషాల్లో గుర్రు. మేం ముప్ఫైమందిమి వాడు లేస్తాడేమోనని గుసగుసలతో పాఠం చదువుకున్నాం. ఎవరైనా బలపం కింద పడేస్తే మిగతావాళ్ళందరూ వాడి వైపు గుర్రుగా చూసేవాళ్ళు. పెద్దయ్యవారు గోల ఆగిపోయిందేమిటని వచ్చి గుమ్మంలో నిలబడి చూశారు. గోనెపట్టా వైపు ఒకసారి, సారు వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. రెండో పీరియడ్‌కి సారు వాణ్ణి లేపలేదు. మధ్యాహ్నం వాడే లేచాడు.

పసిపిల్లాడు రాత్రంతా మంట దగ్గర కూర్చోవడం తప్పే. సారు కూడా ఒప్పుకోలేదు. వరసగా మూడు సాయంత్రాలు సైకిలేసుకుని బ్యారన్ దగ్గరికి వెళ్ళి వాళ్ళ నాయనతో మాట్లాడితే, చివరికి వాడి మేనమామ రాత్రి కావలికి వచ్చాడు. అయినా అప్పుడప్పుడూ వాడి చేతులు నల్లగానే ఉండేవి. అన్నీ బాగుపడ్డాయని రాస్తే మా ఊరివాళ్ళు నవ్వుతారు.

ఇక గ్లోబు సంగతి. సారు వచ్చిన నెలలోనే ట్రంకుపెట్టె తాళం తీయించారు. అందులోంచి బయటపడ్డ వాటిలో మా కళ్ళు గ్లోబు మీదే. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు దాన్ని ఎంత జోరుగా తిప్పగలనో చూద్దామని తిప్పాను. స్టాండు నుంచి ఊడి, కిందపడి, సరిగ్గా భూమధ్యరేఖ దగ్గర రెండు చిప్పలైంది. కంగారుగా రెండు ముక్కలూ టేబుల్ కింద తోసి బయటికి పరిగెత్తాను. గంట కొట్టాక నా నోటి నుంచి మొదట వచ్చిన మాట "వసపిట్ట సార్, వాడే తిప్పుతుంటాడు."

వాడు నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. రోజంతా మాట్లాడే వాడు ఆ పూట నోరు తెరవలేదు.

సారు ముక్కలు రెండూ బయటికి తీసి దులిపారు. "ఎవరు పగలగొట్టారో నేను అడగను. మన కట్టుబాటు ప్రకారం ఇది బాగవ్వాలి. సాయంత్రం ఉండి అతికించేదెవరు?" అన్నారు. కాసేపు ఎవరూ చెయ్యెత్తలేదు. నేను ఎత్తాను. నా తర్వాత వసపిట్ట ఎత్తాడు.

సైకిలు పంక్చర్లకి వాడే సొల్యూషన్ ట్యూబు ఇచ్చి ఆయన వరండాలో పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. ఇద్దరం ఒక చిప్ప ఒకరం పట్టుకుని అంచులకి పూశాం. చాలాసేపటికి నేను నెమ్మదిగా "నేనే రా" అన్నాను.

"నాకు తెలుసు. కిటికీలోంచి చూశా."

"మరి చెప్పలేదే?"

"చెప్తే నువ్వు మళ్ళా పేరు రాస్తావుగా."

పేర్లు రాయడం ఆగిపోయి అప్పటికి ఏడు నెలలైంది. వాడింకా నమ్మలేదు. నాకు చేతులు వణికాయో, సొల్యూషన్ తొందరగా పట్టేసిందో, కింది చిప్ప రెండంగుళాలు పక్కకి తిరిగి అతుక్కుపోయింది. ఇండియా మొత్తం పై సగంలోనే ఉంటుంది కాబట్టి మనకేం కాలేదు గానీ, ఆఫ్రికా కింది భాగం సముద్రంలోకి జరిగింది. సారు దాన్ని తిప్పి తిప్పి చూసి పగలబడి నవ్వారు. మర్నాడు దాంతోనే పాఠం, "ఇక్కడ ఏం తప్పుందో కనిపెట్టండి" అని. అసలు ఆఫ్రికా ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనబడుతుంది.

ఆ సాయంత్రం బోర్డు మీద మూడు పేర్లలో ఒకటి నాది. రాసింది వసపిట్ట. 'లీడరు గ్లోబు అతికినాడు' అని. ఎవరు పగలగొట్టారో రాయలేదు.

2010లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో బెత్తం వద్దని 2002లోనే జీవో ఉంది. నేను చేరిన ఏడాదే ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. దాని 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. స్టాఫ్‌రూముల్లో మొదటిది అందరికీ తెలుసు, రెండోదాని ఊసెత్తరు. బెత్తం పట్టుకోకుండానే 'నువ్వు గేదెలు కాచుకో పో' అనేవాళ్ళు ఇప్పటికీ చాలామందే.

ఇంత తెలిసిన నేను, చేరిన నాలుగో నెలలో ఏడో తరగతి కుర్రాణ్ణి చెంప మీద కొట్టాను. ఎదురు సమాధానం చెప్పాడని. మర్నాడు వాడు రాలేదు. సాయంత్రం వాళ్ళింటికి వెళ్తే వాళ్ళమ్మ కుర్చీ వేసి, టీ ఇచ్చి, "ఇంకో రెండు తగిలించండి సార్, మా మాట వినడంలేదు" అంది. తిడుతుందని వెళ్ళినవాణ్ణి, ఆ టీ గొంతు దిగలేదు. వాడు దొడ్లో దాక్కున్నాడు. అక్కడికే వెళ్ళి తప్పైందని చెప్పాను. వాడు తల ఊపాడు గానీ ఆ ఏడాదంతా నా క్లాసులో నోరు విప్పలేదు.

ఆ రాత్రి చిన్నసారుకి ఫోన్ చేశాను. అప్పటికి ఆయన ఒంగోలులో ఉంటున్నారు. క్లాసు పీకుతారనుకున్నా.

"ఎన్ని గంటలకి కొట్టావు?"

"మధ్యాహ్నం రెండున్నర అయివుంటుంది సార్."

"ఆ రోజు అన్నం తిన్నావా?"

తినలేదు. పరీక్ష పేపర్లు దిద్దుతూ ఉండిపోయాను. ఆ సంగతి నాకే గుర్తులేదు.

"ముందు టైముకి తినరా నాయనా" అని ఫోన్ పెట్టేశారు.

ఇప్పుడు నా క్లాసులో యాభై రెండుమంది. సారు చేసినవన్నీ నాకు కుదరవు. మూడు పేర్లు మాత్రం రోజూ రాయిస్తాను, నెలకొక లీడరుతో.

గ్రూపులో ఆ ఫోటోకి దణ్ణం పెట్టినవాళ్ళలో వసపిట్ట కూడా ఉన్నాడు. వాడు కందుకూరులో మోటారు వైండింగ్ షాపు నడుపుతున్నాడు. ఉండబట్టలేక ఫోన్ చేశాను. "అందరిలోకీ నువ్వు తిన్నన్ని దెబ్బలు ఎవరూ తినలేదు కదరా, నువ్వెందుకు పెట్టావు?"

"ఏమో రా, అందరూ పెట్టారుగా. ఆ ఫోటోలో అయ్యవారు అచ్చం మన పెద్దయ్యవారిలాగే ఉన్నాడు. పోయినేడు పోయాడు పాపం, చివర్లో నన్ను గుర్తుపట్టాడు తెలుసా, పేరు పెట్టి పిలిచాడు." కాసేపాగి, "ఒరే, ఆఫ్రికా ఇంకా అట్నే ఉందంటావా?"

"పెట్టెలో ఉండే ఉంటుంది."

"సంక్రాంతికి రా, పోయి చూద్దాం. వచ్చేటప్పుడు రేగిపళ్ళు తీసుకురా. నా ఎదురుగ్గా కూర్చుని అన్ని తిన్నావు, ఒక్కటి పెట్టలా నాకు."